దుప్పటి ముక్క

"ముందు ఆ ముక్క ఏం చేసిందో చెప్పమను. కూర్చోవడం సంగతి తరవాత," అన్నాడు తమ్ముడు.

ఆ మాట అన్నది భార్యతో. అడిగింది అక్కని. అక్క మూడడుగుల దూరంలో కిటికీ దగ్గర నిలబడే ఉంది, రెండు చెవులూ సవ్యంగానే పనిచేస్తున్నాయి. అయినా తొమ్మిదేళ్లుగా ఆయనగారి మాట ఆవిడకి చేరాలంటే మధ్యలో ఇంకో మనిషి ఉండాల్సిందే.

"వదినా, ఆయన ఏమంటున్నారంటే..." అని మరదలు మొదలుపెట్టింది.

"వినపడింది," అంది ఎడిటరమ్మ. "నిన్న ల్యాబులో వినపడింది, పొద్దున్న ఫోనులో వినపడింది, ఇప్పుడూ వినపడింది. పారేశానని ముప్పై రెండేళ్ల కిందటే చెప్పాను. ఒక్క ముక్కని ఎన్నిసార్లు పారెయ్యమంటాడు?"

ఆవిడ సినిమాలు కొయ్యడం మానేసి పదేళ్లయింది గాని ఆ పేరు మాత్రం పోలేదు. మెట్ల కింద ఇస్త్రీ చేసేవాడు కూడా ఎడిటరమ్మగారూ అనే పిలుస్తాడు. తమ్ముడిది శబ్దం. సినిమాలో వినపడేదంతా మైకుతో పట్టి టేపు మీద పెట్టడం అతని వృత్తి. నాకు ఒకటి కన్ను, ఒకటి చెవి అని వాళ్ల నాన్న నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ కన్నూ ఆ చెవీ ఒకదాని మొహం ఒకటి చూసుకోని రోజు వస్తుందని ఆయన అనుకోలేదు.

ఎడిటరమ్మ భర్త వీళ్ల రాక సంగతి తెలిసి పొద్దున్నే నడకకి వెళ్లాడు. పదకొండవుతోంది, ఇంకా నడుస్తూనే ఉన్నాడు. తెలివైనవాడు.

"పారేసినట్టు చెప్పడం తెలుసు. ఎందుకు పారేసిందో చెప్పమను," అన్నాడు తమ్ముడు.

"కోసిన ముక్కని ఎవరైనా ఏం చేస్తారు, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారా?"

"విన్నావా?" అన్నాడు భార్యతో. "ఇదీ వరస."

మరదలు సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి తాగింది. "నేను వింటూనే ఉన్నానండీ. ఆవిడా వింటున్నారు. మీరిద్దరూ నేరుగా తిట్టుకుంటే నా గొంతన్నా మిగులుతుంది."

నవ్వు రావలసిన మాటే. ఎవరికీ రాలేదు.

గొడవంతా నాన్న తీసిన సినిమా గురించి. ఆయన జన్మకి తీసింది ఒక్కటే, పేరు 'ఒకే గాలి'. రెండు లోకాల మధ్య యుద్ధం. ఎటూ కాని ఒక రాతి గ్రహం మీద ఒక పాడుబడ్డ స్థావరం. అందులో ఇద్దరే మిగిలారు, అటునుంచి ఒకడు, ఇటునుంచి ఒకడు. ఒకడు మనిషి. రెండోవాడు ఆ పరలోకపువాడు, సినిమాలో వాడికి పేరు లేదు గాని యూనిట్ అంతా 'నీలోడు' అనేవాళ్లు. రంగు ఫిల్ము కొనే తాహతు లేక నలుపు తెలుపులో తీశారు. "ఈ నీలం ఎవడికి కనపడుతుందని నాకింత పులుముతున్నారు?" అని నీలోడు వేషం వేసిన మనిషి రోజూ నవ్వేది.

ఆ వేషం వేసింది అమ్మ. రబ్బరు ముసుగు కింద ఆమె మొహం సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనపడదు.

ఆ స్థావరంలో ఊపిరి పీల్చాలంటే ఒక చక్రం తిప్పుతూ ఉండాలి. ఎవడో ఒకడు తిప్పుతూ ఉంటేనే ఇద్దరికీ గాలి. రెండోవాణ్ణి చంపేద్దామంటే ఒంటరిగా ఎన్నాళ్లు తిప్పగలడు? వదిలేద్దామంటే పడుకున్నప్పుడు వాడు గొంతు కోస్తాడేమోనని భయం. అందుకని ఇద్దరూ నిద్రపోరు. కళ్లు ఎర్రగా చేసుకుని, ఎవడి భాషలో వాడు అవతలివాణ్ణి తిట్టుకుంటూ పది రీళ్లలో తొమ్మిది రీళ్లు చక్రం తిప్పుతారు. పదో రీలులో మనిషి ఓడిపోయి నిద్రపోతాడు. నీలోడు వాడి దగ్గరికి వస్తాడు. చేతిలో దుప్పటి. కప్పుతాడు. మళ్లీ వెళ్లి చక్రం పట్టుకుని, తిప్పుతూ, ఏదో కూనిరాగం తీస్తాడు. అంతే సినిమా.

నాన్న తీసింది అది. జనం చూసింది అది కాదు.

విడుదలకి రెండు రోజుల ముందు, సినిమా కొన్నాయన వచ్చి కూర్చున్నాడు. శత్రువుకి దుప్పటి కప్పితే జనం కుర్చీలు విరగ్గొడతారన్నాడు. చంపించమన్నాడు. మళ్లీ తియ్యడానికి సెట్టూ లేదు, వ్యవధీ లేదు. కత్తెర చాలన్నాడు. చాలింది కూడా. దుప్పటి పట్టుకుని దగ్గరికొచ్చే చేతుల్ని సగంలో కోసి, నాలుగో రీలులో మనిషి భయంతో ఊహించుకున్న ఘట్టంలోంచి కత్తి దూసే షాటు తెచ్చి అతికిస్తే, కప్పడానికొచ్చినవాడు కాస్తా గొంతు కొయ్యడానికొచ్చినవాడయ్యాడు. మూడు నిమిషాలు పోయాయి. ఆ పని చెయ్యడానికి ఎడిటరమ్మకి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి ఆవిడ వయసు ఇరవై నాలుగు, చెయ్యి బాగా నడిచే కాలం.

సినిమా ఎలాగూ వారం తిరక్కుండా పోయింది. మూడేళ్లకి నాన్నా పోయాడు. ఆ తరవాత ఇల్లు పంచుకున్నట్టు సినిమాని పంచుకున్నారు. బొమ్మ ఉన్న పది డబ్బాలు అక్కింటికి, శబ్దం ఉన్న పది డబ్బాలు తమ్ముడింటికి. ఇక్కడ మూగ సినిమా, అక్కడ గుడ్డి సినిమా. ఇరవై తొమ్మిదేళ్లు అలాగే పడి ఉన్నాయి.

ఇప్పుడు డబ్బాలు పుల్లటి వాసన వేస్తున్నాయి. ఆ వాసన వచ్చిందంటే ఫిల్ము కుళ్లుతోందని అర్థం. ఈలోగా ఎవరో సినిమా పిచ్చివాళ్ల సంఘం ఒకటి చిరిగిపోయిన పాత కాపీ చూసి, ఇంత గొప్ప సినిమాని ఎవరూ పట్టించుకోలేదేమని గగ్గోలు పెట్టింది. ఆదివారం హాల్లో వేస్తామంది. ల్యాబువాళ్లు బొమ్మనీ శబ్దాన్నీ కలిపి ఎక్కించి పెడతామన్నారు. తమ్ముడు తన డబ్బాలు మోసుకొచ్చాడు. నిన్న తొమ్మిది రీళ్లు పెదవీ మాటా తప్పకుండా నడిచాయి. పదో రీలులో బొమ్మ అయిపోయింది, శబ్దం ఇంకా మూడు నిమిషాలు ఉంది.

తమ్ముడి టేపు తెగలేదు. ఆనాడు విడుదలకి దాని నకలు తీసి కోసుకున్నారు గాని, దాని మీద మాత్రం ఎవరినీ కత్తెర పెట్టనివ్వలేదు.

"ఆదివారం ఆ చంపుడు సినిమా ఆడనివ్వను," అన్నాడు తమ్ముడు, ఈసారి గోడతో. "ఇవాళ ఆరింటికి ల్యాబు మూసేలోగా ఆ ముక్క రాకపోతే నా పది డబ్బాలూ నేను పట్టుకుపోతాను. మూగ సినిమా వేసుకోమను."

"ఇంటికి పట్టుకుపోయి ఏం చేస్తావు? వాసన చూస్తావా?"

"కనీసం పారెయ్యను."

ఎడిటరమ్మ నోరు మూసుకుంది. తేలు కుట్టిన దొంగ పరిస్థితి ఆవిడది.

* * *

మధ్యాహ్నం మూడింటికి ల్యాబు నుంచి కబురొస్తే ముగ్గురూ వెళ్లారు. అక్క ఆటోలో, మిగిలిన ఇద్దరూ కారులో.

ల్యాబు ఒక పాత మేడ కింద నేలమాళిగలో ఉంది. చల్లగా ఉంటుంది. తెల్ల గుడ్డ తొడుగులు వేసుకున్న పెద్దాయన మిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన ఎవరి పక్షమూ కాదు, ఫిల్ము పక్షం.

"చూడండి బాబూ, ఈ పదో నంబరు టేపు మహా అయితే ఇంకో రెండుసార్లు నడుస్తుంది. పై పూత రాలిపోతోంది," అన్నాడు. "ఇప్పుడొకసారి వినిపిస్తాను. రెండోది ఎక్కించేటప్పుడు. ఆరింటికి నేను తలుపు వేసుకుంటాను. రేపు ఈ మిషను విప్పి వేరే చోటికి తీసుకెళ్తున్నారు. మీ ఇంటి సంగతులు నాకు తెలీవు, తెలియనక్కర్లేదు కూడా. ముక్క ఉందా, ఉన్న బొమ్మతో కానిచ్చెయ్యనా, అంతే చెప్పండి."

"వినిపించండి," అన్నాడు తమ్ముడు.

తెర మీద నలుపు. ముందు చక్రం కిర్రుమనే చప్పుడు. అది ఆగింది. మనిషి గురక. తరవాత గుడ్డ విదిలించిన చిన్న శబ్దం, అది నెమ్మదిగా ఒంటి మీద వాలిన శబ్దం. మళ్లీ చక్రం. దాని మీద కూనిరాగం. మాటల్లేవు. అసలు పాట కూడా కాదు. అమ్మ గొంతు.

ఎడిటరమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆ రాగం పట్టింది స్టూడియోలో కాదు, ఇంట్లో. వీధి చప్పుడు రాకుండా ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ గోడలకి మేకులు కొట్టి వేలాడదీశారు. తమ్ముడు బల్ల కింద టేపు పెట్టుకుని కూర్చున్నాడు. మైకు పట్టుకుని నిలబడింది తను. చెయ్యి నొప్పెట్టి మైకు వణికితే అమ్మ నవ్వేసింది, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. నాలుగోసారి కుదిరింది. కుదిరిందని ఇద్దరూ ఎగిరి గంతేశారు. ఆ రోజు వాళ్లు దెబ్బలాడుకోలేదు. ఆవిడకి అది బాగా గుర్తుంది.

టేపు అయిపోయింది. పెద్దాయన మిషను ఆపాడు.

"ఇది ఆవిడ అమ్మ గొంతు కూడా," అన్నాడు తమ్ముడు, పెద్దాయన వైపు చూస్తూ. "అయినా ఎలా పారెయ్యగలిగిందో అడగండి."

"నన్నెందుకు అడగమంటారు?" అన్నాడు పెద్దాయన.

"కొయ్యమన్నది నాన్న," అంది ఎడిటరమ్మ.

ఆ మాట ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు. అనకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. నాన్న తనంతట తాను చెబుతాడని మొదట చూసింది. తరవాత ఆయన మంచం పట్టాడు, మంచం పట్టినవాణ్ణి ఏం అంటాం అని ఊరుకుంది. తరవాత ఆయన పోయాడు. "నా వెనకాల నిలబడి, కొయ్యమ్మా అన్నాడు. రెండుసార్లు అన్నాడు. అన్నాక బయటికెళ్లి సిగరెట్టు కాల్చుకున్నాడు. నువ్వొచ్చి నా మీద పడ్డప్పుడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. నోరు విప్పలేదు."

తమ్ముడు మొదటిసారి ఆవిడ కళ్లలోకి చూశాడు. మొహం కందగడ్డలా అయింది.

"బాగుంది. పోయినవాళ్ల మీదకి తొయ్యడం సులువు. వాళ్లు లేచొచ్చి కాదనరుగా."

"నిజం చెప్పినా తప్పేనా?"

"నిజమే అనుకుందాం. కొయ్యమన్నాడు సరే. పారెయ్యమన్నాడా? నేనొచ్చి ఏమడిగాను? ముక్క ఇయ్యి, పొద్దుటికల్లా అతికిస్తానన్నాను. చెత్తలో పారేశాను, వెళ్లి ఏరుకోమన్నావు. ఏరుకున్నాను. అప్పటి ల్యాబు వెనకాల డ్రమ్ములు మూడు తిరగేశాను, చీకటి పడేదాకా. ఎవడెవడి సినిమాల ముక్కలో చేతులకి చుట్టుకున్నాయి. మన ముక్క లేదు."

ఎడిటరమ్మకి ఆ సంగతి తెలుసు. పై అంతస్తు కిటికీలోంచి చూసింది. ఇరవై ఒక్కేళ్ల తమ్ముడు మోచేతులదాకా చెత్తలో పెట్టి వెతుకుతున్నాడు. ఆ ముక్క అప్పుడు ఆవిడ భుజానున్న సంచిలో ఉంది.

పిలిచి ఇచ్చేస్తే పోయేది. కానీ అందరి ముందూ నన్ను హంతకురాలన్నాడు, వెతకనీ, ఇంకాసేపు వెతకనీ అనుకుంది. ఆ ఇంకాసేపు పెరిగి పెరిగి ఇంతయింది. అబద్ధానికి మొదటి రోజు కాళ్లుండవు. ఏళ్లు గడిస్తే కాళ్లొస్తాయి, అది మనల్నే తరుముతుంది.

"మీరు నెమ్మదిగా మాట్లాడండి," అంది మరదలు.

"నెమ్మదిగానే ఉన్నాను. తొమ్మిదేళ్లు నెమ్మదిగానే ఉన్నాను." అతను లేచి నిలబడ్డాడు. "తొమ్మిదేళ్ల కిందట, అమ్మ ఈవిడింట్లో ఉన్న ఆఖరి నెలల్లో ఒక్కటంటే ఒక్కటి అడిగింది. ఆ దుప్పటి ముక్క ఒక్కసారి చూపించవే అంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. లేదమ్మా, పారేశానని చెప్పానుగా అంది ఈవిడ. అమ్మ మళ్లీ అడగలేదు. ఆ తరవాత ఆమె కళ్లజోడు పోయింది. మంచం మీది మనిషి కళ్లజోడు ఎక్కడికి పోతుంది? ఇల్లంతా వెతికాను. ఈవిడ చూడలేదంది. మర్నాడు కొత్తది చేయించి తెచ్చాను, అమ్మ పెట్టుకోలేదు. చూడాల్సింది చూసేశాన్లే నాన్నా అంది. అంత విరక్తి పుట్టించారు మనిషికి. ఆ మాట నా చెవుల్లోంచి పోదు. నాకు ఉన్నవే చెవులు."

పెద్దాయన తొడుగులు విప్పి బల్ల మీద పెట్టాడు. మరదలు నేల చూస్తోంది.

"ఉన్న బొమ్మతో కానిచ్చెయ్యనా?" అని అడిగాడు పెద్దాయన, ఎవరినీ చూడకుండా.

"వద్దు," అంది ఎడిటరమ్మ.

లేచి చేతిసంచి భుజాన వేసుకుంది. "పద," అంది తమ్ముడితో.

"ఎక్కడికి?"

"నా ఇంటికి."

"నేనెందుకు రావాలి నీ ఇంటికి?"

"తిట్టడానికి. ఇప్పటిదాకా తిట్టినవన్నీ ఒక ఎత్తు. అసలువి ఇంకా తిట్టలేదు నువ్వు. పద."

* * *

వెనక గది తలుపు తెరిచి చాలా కాలమయింది. అమ్మ పోయాక అందులో పాత పుస్తకాలూ విరిగిన ఫ్యానూ చేరాయి. అమ్మ మంచం గోడకి నిలబెట్టి ఉంది. మూలన ఇనప బీరువా.

ఎడిటరమ్మ బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అన్నిటికంటే కింది అర. చలికాలం దుప్పట్లు ఒకదాని మీద ఒకటి మడిచి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి పక్కన పడేసింది. చివరి దుప్పటి వెనక, గోడవైపు, పళ్లెమంత రేకు డబ్బా.

ఎండ తగలని చోటని అక్కడ పెట్టింది. పెట్టింది మొదలు తీసి చూడలేదు. చూడకపోతే లేనట్టే అని ఒక లెక్క. తరవాత్తరవాత అమ్మ అదే గదిలోకి వచ్చి పడుకుంది. తల దగ్గర మందుల బల్ల, కాళ్ల దగ్గర బీరువా. అమ్మకి చూపించడానికి లేదన్న ముక్క అమ్మ కాళ్లకి నాలుగడుగుల దూరంలో ఉండేది.

డబ్బా పైకి తీసి నేల మీద పెట్టింది. వెనక తమ్ముడి ఊపిరి వినపడింది. కాసేపటికి అదీ వినపడలేదు.

"అదేనా?" అన్నాడు.

"అదే."

"ఉందా?"

"ఉంది. ఎప్పుడూ ఉంది. నువ్వు డ్రమ్ములు తిరగేసిన రోజు నా సంచిలో ఉంది."

తమ్ముడు అరవలేదు. అరుస్తాడని భుజాలు బిగబట్టుకుని కూర్చున్న ఆవిడకి ఆ అరవకపోవడమే ఎక్కువ భయం వేసింది. గుమ్మంలో మరదలు అయ్యో వదినా అని, చేత్తో నోరు నొక్కుకుంది.

"అమ్మ అడిగింది," అన్నాడు తమ్ముడు.

"అడిగింది."

"అదే గదిలో. ఇక్కడే. మంచం మీద. ఇది ఇక్కడుండగా, లేదన్నావు."

"అన్నాను."

"నీలాంటి మనిషిని..." అని ఆగిపోయాడు. ముప్పై రెండేళ్లుగా కూడబెట్టుకున్న తిట్లలో ఈ తప్పుకి సరిపడే తిట్టు ఒక్కటీ దొరకలేదతనికి. గోడకి నిలబెట్టిన మంచం కోడు మీద అరచేత్తో కొట్టాడు. అక్కమీది కోపం పాపం ఆ మంచానికి తగిలింది. "తియ్యి. తీసి చూపించు. కుళ్లి ముద్దైపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ దాచుకున్నందుకు అదైనా చూడు."

ఎడిటరమ్మ డబ్బాని దగ్గరికి లాక్కుని మూత అంచు వెంబడి వేలు పోనిచ్చింది. చెయ్యి ఆగిపోయింది.

ఎడిటింగు గదుల్లో డబ్బాకి తెల్ల గుడ్డ టేపు చుడతారు. ఆవిడ చుట్టింది అదే. అంచు చుట్టూ సమంగా, చివర కాస్త మడిచి, మళ్లీ లాగడానికి వీలుగా. వేల డబ్బాలకి అలాగే చుట్టిన చెయ్యి. ఇది అది కాదు. గోధుమరంగు మందుల ప్లాస్టరు. సూది గుచ్చినచోట దూది ఊడకుండా వేసేది. చిన్న చిన్న ముక్కలు, ఒకటి అడ్డంగా, ఒకటి ఐమూలగా, కళ్లు సరిగా ఆనని మనిషి వేసినట్టు.

"ఏంటి?" అన్నాడు తమ్ముడు.

ఆవిడ ప్లాస్టరు గోటితో లాగింది. ఎండిపోయి పొడిలా రాలింది. మూత తీసింది.

పుల్లటి వాసన కొంచెమే ఉంది. ఫిల్ము అంచులు కాస్త వంగాయి గాని అతుక్కోలేదు. ఆవిడ చుట్టినంత బిగువుగా లేదు, వదులు వదులుగా, ఎవరో విప్పి మళ్లీ చుట్టినట్టుంది. చుట్ట మధ్యలో గుండ్రటి ఖాళీ. ఆ ఖాళీలో కాళ్లు మడిచిపెట్టిన కళ్లజోడు.

ఎడమ కాడ దగ్గర ఎర్ర దారం చుట్టి ఉంది. మర ఊడిపోతే ఆ దారం కట్టింది తమ్ముడు. అమ్మ కూర్చుని కట్టించుకుంది.

వీధిలో ఎవడో స్కూటరు తన్నుతున్నాడు, అది అంటుకోవడం లేదు.

పొద్దున కూర్చోమంటే కూర్చోని మనిషి, అమ్మ ఉన్న నెలల్లో కూడా నిలబడే మాట్లాడి వెళ్లిన మనిషి, ఆ దుమ్ములో చతికిలబడ్డాడు. కళ్లజోడు తీసుకున్నాడు. చొక్కా కొనతో తుడిచి పెట్టుకున్నాడు. ఫిల్ము చివర పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తాడు. వయసొచ్చింది అతనికీ, దగ్గరివి ఆనవు. అమ్మ అద్దాల్లోంచి ఆనాయి.

నెగెటివులో నల్లది తెల్లగా, తెల్లది నల్లగా ఉంటుంది.

"ఎవడు మనిషో ఎవడు నీలోడో తెలియట్లేదు," అన్నాడు చాలాసేపటికి.

"కప్పేవాడు నీలోడు."

"అమ్మ."

"అమ్మే."

అతను జానెడు జానెడు చొప్పున ఫిల్ము జరుపుతూ చూశాడు. అమ్మ కూడా ఇలాగే చూసి ఉంటుంది, ఈ కిటికీ దగ్గరే, ఇల్లంతా ఎవరి పనుల్లో వాళ్లున్నప్పుడు. బీరువాలో దుప్పటి కోసం వెతుక్కుంటే దొరికిందో, కూతురి మొహం చూసి అబద్ధమని పట్టేసి వెతికిందో, ఇప్పుడు అడగడానికి లేదు. చూసింది. చుట్టింది. ఇంక అవసరం లేదని కళ్లజోడు అందులో పెట్టి ప్లాస్టరు వేసింది. చూడాల్సింది చూసేశాన్లే అన్న మాట విరక్తి కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది, వినేవాళ్లకే తెలియలేదు.

"అమ్మకి తెలుసన్నమాట," అన్నాడు తమ్ముడు. గొంతులో మళ్లీ కోపం రాజుకుంటోంది, కానీ ఈసారి అది ఎటు తిరగాలో తెలియక తడుముకుంటోంది. "అన్నీ తెలుసు. నేను ప్రతి ఆదివారం వచ్చి ఆవిడ ఎదురుగానే నిన్ను నోటికొచ్చినట్టు తిడుతుంటే వింటూ పడుకుంది. బీరువాలో ఉందిరా అంటే సరిపోయేది. రెండే మాటలు. నిన్ను కాపాడింది. నన్ను ఇలా వదిలేసింది, తొమ్మిదేళ్లు."

"నన్నేం కాపాడలేదు," అంది ఎడిటరమ్మ. "నా అంతట నేను తెరుస్తానని చూసింది. నేను తెరవలేదు."

"కొయ్యమన్నది నాన్నంటావు. తెలిసీ చెప్పనిది అమ్మ. దాచింది నువ్వు. ముగ్గురూ కలిసి నన్ను చెత్తడ్రమ్ముల్లో వెతికించారు. ఇప్పుడు నేనెవర్ని తిట్టాలో నువ్వే చెప్పు, అక్కా."

అక్కా అన్న పిలుపు కోసం ఆవిడ తొమ్మిదేళ్లు ఎదురుచూసింది. వచ్చింది. ఇలా వచ్చింది.

"ఐదూ పది అయిందండీ," అంది మరదలు గుమ్మంలోంచి, భయం భయంగా. "ల్యాబుకి అరగంట దారి. అతకడానికి కూడా టైము కావాలిగా. ఏం చేసుకున్నా కారులో చేసుకోండి."

ఎడిటరమ్మ చెయ్యి చాచింది. "ఇలా ఇయ్యి. నా చేత్తో కోశాను, నేనే అతికిస్తాను."

తమ్ముడు ఇవ్వలేదు. ఫిల్ము గుండెకి ఆనించుకున్నట్టు పట్టుకున్నాడు.

"ముందు ఒకటి చెప్పు," అన్నాడు. "అబద్ధం వద్దు, ఈ ఒక్కసారికి. అమ్మ అడిగిన రోజు నేను ఆ గుమ్మంలో లేకపోతే చూపించేదానివా?"

ఎడిటరమ్మకి జవాబు తెలుసు. తొమ్మిదేళ్లుగా తెలుసు. అమ్మ అడగగానే లేవబోయింది కూడా. అప్పుడే అతని మొహం కనపడింది, పెదవి వంకర చేసి చూస్తున్న ఆ మొహం. కూర్చుండిపోయి, పారేశానుగా అంది.

లేదు, నువ్వున్నా లేకపోయినా చూపించేదాన్ని కాదు అంటే సరిపోతుంది. ఆ పాపం కూడా తన ఖాతాలోనే పోతుంది, అతనికి రాత్రిళ్లు నిద్ర పడుతుంది. ఒక్క అబద్ధం. ఇన్ని ఆడింది.

"చూపించేదాన్ని," అంది.

తమ్ముడు అమ్మ కళ్లజోడులోంచి ఆవిడనే చూస్తున్నాడు. అతని పిడికిలి మాత్రం నెమ్మదిగా బిగుసుకుంటోంది. ఆ పిడికిట్లో, నీలోడు దుప్పటి విప్పి మనిషి మీదకి వంగిన జానెడు ఫిల్ము ఉంది.